బాగైన తేదీ

“మన శాఖలో ఇకమీదట ఏ కంప్యూటరూ దిక్కులేకుండా చావదు” అని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించినప్పుడు నేను ఆయనకు ఏడడుగుల దూరంలో, మైకు వైరు ఎవరూ తొక్కకుండా చూస్తూ నిలబడి ఉన్నాను. అది నా ఉద్యోగం కాదు. నా ఉద్యోగం మూడో అంతస్తులో, కంప్యూటర్ సెక్షన్లో డేటా ఆపరేటరు, అదీ కాంట్రాక్టు మీద. కాని చరిత్ర సృష్టించే చోట ఎవరో ఒకరు వైరు చూసుకోవాలి కదా. పత్రికలవాళ్లు మంత్రిగారి మాటలు రాసుకుని టీ తాగి వెళ్లిపోయారు. ఆ తర్వాత జరిగిన మహత్కార్యం వాళ్లకు తెలియదు. దగ్గరుండి చూసినవాణ్ని కాబట్టి పాఠకులకు నేనే మనవి చేసుకుంటున్నాను.

పథకం చాలా సులువైనది. శాఖలో ఉన్న ప్రతి కంప్యూటరుకూ, ప్రతి ప్రింటరుకూ ఒక నంబరు ఇచ్చారు. ఏ ఆసుపత్రిలో ఏది చెడినా అక్కడివాళ్లు ఒక సాఫ్ట్‌వేర్లోకి వెళ్లి ఫిర్యాదు ఫారం నింపాలి. నింపగానే అది మా పక్కగదిలో కూర్చునే మెకానిక్ తెర మీద కనబడుతుంది. ఆయన సంచీ తగిలించుకుని వెళ్లి బాగుచేసి వస్తాడు. సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ ఇంజనీరు వచ్చి మాకు ఒక పూటంతా నేర్పించాడు. ఫారంలో మొత్తం పదకొండు గడులున్నాయి. కంప్యూటర్ భాషలో వాటిని ఫీల్డులంటారు. మొదటి తొమ్మిది ఫిర్యాదు చేసేవాళ్లు నింపాలి, చివర ఉన్న ‘బాగైన తేదీ’, ‘బాగుచేసినవారు’ అనే రెండూ పని అయ్యాక మెకానిక్ నింపాలి. నాకు అప్పుడే అర్థమైపోయింది. ఇంత తేలిగ్గా అర్థమయ్యేది మా ఆఫీసులో ఎక్కువ రోజులు బతకదని కూడా అనిపించింది.

ఈ పథకమంటే నాకు అభిమానం కలగడానికి ఒక సొంత కారణం ఉంది. మా మామయ్య దర్జీ. నా చిన్నప్పటినుంచి నన్ను సాకింది ఆయనే. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే షాపుకోసం ముప్ఫై ఏళ్లుగా ఇంట్లోనే మిషను తొక్కుతున్నాడు. రెండు కళ్లకూ శుక్లాలు కమ్మాయి. కుడికన్ను దాదాపు పోయినట్టే, ఎడమకంటితో మనిషి ఆకారం తెలుస్తుంది గాని ముఖం తెలియదు. రోజూ పొద్దున నేను పన్నెండు సూదులకు దారం ఎక్కించి దిండుకు గుచ్చి ఆఫీసుకు వస్తాను, వాటితో ఆయన సాయంత్రం దాకా నెట్టుకొస్తాడు. ఈమధ్య ఒక చొక్కాకి ఆరు గుండీలు, ఐదు కాజాలు పెట్టాడు. షాపు యజమాని పెద్దగా ఏమీ అనలేదు. నెలాఖరు దాకా చూస్తానన్నాడు.

పెద్దాసుపత్రిలో ఆపరేషను ఉచితం. కాకపోతే కంట్లో పెట్టే అద్దం నంబరు ముందుగా ఒక మిషనుతో కొలవాలి. మిషను నిక్షేపంగా ఉంది. దానికి తగిలించిన కంప్యూటరు రెండు నెలల నుంచి ఆన్ కావడం లేదు. ఆలస్యమైతే శుక్లం ముదిరి ఆపరేషను కష్టమవుతుందని డాక్టరు చెప్పాడు. కంటి వార్డు సిస్టర్ మంచి మనిషి. సాఫ్ట్‌వేర్ వస్తోందంటే మా అందరికంటే ఆవిడే ఎక్కువ సంతోషించింది. మొదటి ఫిర్యాదు నాదే అయ్యుండాలి తమ్ముడూ అని నాకు రెండుసార్లు ఫోన్ చేసి చెప్పింది. నేను ఇంటికి వెళ్లి, ఇంకో వారంలో అయిపోతుందని మామయ్యకు భరోసా ఇచ్చాను.

అప్పుడు ప్రత్యేకాధికారి గారు వచ్చారు.

ఆయన్ని మేమంతా చాటున గళ్లచొక్కా అంటాం. ఆయన దగ్గర ఏడు చొక్కాలున్నాయి, ఏడూ గళ్లవే. పథకాన్ని నడిపించడానికి మంత్రిగారు ప్రత్యేకంగా ఎంచి తెచ్చుకున్న మేధావి. కంపెనీ ఇంజనీరు పూటంతా చెప్పినదాంట్లో ఆయన చెవికి ఒక్క ముక్కే ఎక్కింది. కావాలంటే మన అవసరాన్ని బట్టి కొత్త ఫీల్డులు చేర్చుకోవచ్చు, ఎన్నయినా సరే.

“ఎన్నయినా అని వాళ్లే చెప్పినప్పుడు, పదకొండుతో ఆగిపోతే మన చేతకానితనం అనుకోరూ?” అన్నారాయన.

మర్నాటి నుంచి ఫీల్డుల కమిటీ కూర్చుంది. వాళ్లు చెప్పడం, నేను చేర్చడం. కంప్యూటరు ఏ ప్రభుత్వ హయాంలో కొన్నారో తెలుసుకోవడం ముఖ్యమని ఒక ఫీల్డు పెట్టాం. ‘గత ప్రభుత్వం’ అని నొక్కితే ఫారం ముందుకు వెళ్తుంది, ‘మన ప్రభుత్వం’ అని నొక్కితే మరొక్కసారి ఆలోచించుకోమంటుంది. చెడిన తీవ్రతకు ఒక జాబితా పెట్టాం. అందులో స్వల్పం, అతి స్వల్పం, అపోహ అని మూడు మెట్లు. ప్రస్తుత స్థితి అనే చోట కంపెనీవాళ్లు ‘చెడిపోయింది’ అని రాసి ఉంచారు. మంత్రిగారి హయాంలో ఆ మాట బాగుండదని దాన్ని తీసేసి ‘విశ్రాంతిలో ఉంది’ అని మార్చాం.

సంగతి బయటికి పొక్కి ప్రతి విభాగమూ తనకో ఫీల్డు కావాలని వచ్చింది. ఫర్నిచరు విభాగానికి బల్ల కాళ్ల సంఖ్య ఇచ్చాం. రంగులు వేయించే విభాగం కంప్యూటరుకు ఎదురుగా ఉన్న గోడ రంగు తీసుకుంది. తోటల విభాగం తమకు ఒక్కటీ దక్కలేదని అలిగి భోజనాలు మానేసే దాకా వచ్చేసరికి ‘కిటికీలోంచి కనబడే చెట్టు’ అని ఒకటి వాళ్లకూ ఇచ్చి శాంతింపజేశాం. కిటికీ లేని గదులు చాలా ఉన్నాయని కంపెనీ ఇంజనీరు గుర్తుచేశాడు. అందుకు ‘కిటికీ లేకపోవడానికి కారణం’ అని ఇంకొకటి చేర్చాం. ఆ తర్వాత ఆయన ఏదీ గుర్తుచేయలేదు, వేరే ఉద్యోగం చూసుకున్నాడని విన్నాను.

మంత్రిగారు స్వయంగా ఒక ఫీల్డు ప్రసాదించారు. అది ‘ఈ సమస్య వల్ల ఇబ్బంది పడుతున్న పౌరుడి పేరు, ఫోన్ నంబరు’. ఇది వినగానే నా కళ్లు చెమర్చాయి. నిజంగానే చెమర్చాయి, వెటకారం కాదు. ఇన్ని ఫీల్డుల్లో బాధపడే మనిషి ప్రస్తావన ఉన్నది అదొక్కటే.

మొత్తం నూట ఏడయ్యాయి. పథకం మొదలవడానికి ముందురోజు మంత్రిగారు ఫారం చూడడానికి మా సెక్షన్‌కు దయచేశారు. గోడమీద పెద్ద తెర పెట్టి, నేను ఒక్కొక్కటే కిందికి జరుపుతుంటే ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూశారు. పన్నెండో ఫీల్డు దగ్గర ఆపమన్నారు. కొన్నింటి పక్కన ఎర్రగా ఒక నక్షత్రం ఉంది, కొన్నింటికి లేదు. ఎందుకు లేదని అడిగారు. నక్షత్రం ఉన్నవి తప్పనిసరిగా నింపాలి, లేనివి వదిలేసినా ఫిర్యాదు నమోదవుతుందని నేను వివరించాను.

మంత్రిగారి మొహం గంభీరమైపోయింది.

“అంటే కొన్ని ఫీల్డులు ఎక్కువ, కొన్ని తక్కువ. మా పార్టీ పుట్టిందే ఇలాంటి వివక్షకు వ్యతిరేకంగా. అన్నిటికీ పెట్టు నక్షత్రం.”

గళ్లచొక్కా గారు మొదట చప్పట్లు కొట్టారు. కమిటీ యావత్తూ కొట్టింది. తోటల విభాగం అధికారి అయితే లేచి నిలబడి మరీ కొట్టాడు, ఆయన చెట్టుకు అంతకుముందు నక్షత్రం లేదు. నేను ‘అన్నీ’ అనే చోట టిక్కు పెట్టాను. నూట ఏడు నక్షత్రాలూ ఒక్కసారిగా వెలిగాయి. చెప్పొద్దూ, చూడ్డానికి మాత్రం చాలా బాగుంది.

మర్నాడు పొద్దున పదింటికి పథకం మొదలైంది. పదీ ఐదుకు సిస్టర్ ఫారం తెరిచింది. పన్నెండున్నరకు నాకు ఫోన్ చేసింది. బల్లకు నాలుగు కాళ్లని రాసిందట, గోడ లేత నీలమని రాసిందట. కిటికీ తెరిచి చూసి, అది ఏం చెట్టో తెలియక వాచ్‌మన్‌ను అడిగి రాసిందట. ఇబ్బంది పడుతున్న పౌరుడి దగ్గర మా మామయ్య పేరు, మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోన్ నంబరు రాసింది. నూట ఐదూ నింపింది. ఫారం ఇక ముందుకు కదలడం లేదు.

“తమ్ముడూ, బాగైన తేదీ వేయమంటోంది. బాగుకానిదానికి తేదీ ఎక్కణ్నుంచి తేను?”

నేను వచ్చేవారం తేదీ ఏదో ఒకటి వేయమన్నాను. వేసింది. ఇంకా రాని తేదీ వేయడం కుదరదని సాఫ్ట్‌వేర్ ఎర్రక్షరాల్లో చెప్పింది. ఆ విషయంలో అది చాలా నిక్కచ్చి, అబద్ధం ఒప్పుకోదు. నేను గళ్లచొక్కా గారి గదికి పరిగెత్తాను. కనీసం ఆ రెండు ఫీల్డులకైనా నక్షత్రం తీసేద్దామండీ, అవి మెకానిక్ నింపాల్సినవి అని బతిమాలాను.

“నక్షత్రం పెట్టింది మంత్రిగారు. తీసేయడానికి నువ్వెవరు, నేనెవరు?” అన్నారాయన. ఆపైన కొంచెం మెత్తబడి, ఇవాళ్టి తేదీ వేయమని చెప్పు, మనిషన్నాక ఆశావాదం ఉండాలి అని సలహా ఇచ్చారు.

సిస్టర్ ఆనాటి తేదీ వేసింది. బాగుచేసినవారు అనే చోట ఏం రాయాలో తోచక దేవుడు అని రాసింది. ఫిర్యాదు నంబరు ఒకటి నమోదైంది. బాగైన తేదీ ఉంది కాబట్టి, నమోదైన క్షణంలోనే పరిష్కారమైపోయి మూసుకుపోయింది.

నేను పక్కగదిలోకి వెళ్లి మెకానిక్‌ను అడిగాను. ఆయన తెర ఖాళీగా ఉంది. మిగిలి ఉన్న ఫిర్యాదులు సున్నా అని పచ్చరంగులో కనబడుతోంది. పోనీ నామాట విని ఒక్కసారి కంటి వార్డుకు వెళ్లి రమ్మన్నాను. ఆయనకూ వెళ్లాలనే ఉంది. కాని తెర మీద ఫిర్యాదు లేనిదే స్టోర్సు వాళ్లు స్క్రూ కూడా ఇవ్వరు, పైగా లేని పనికి వెళ్లాడని ఆయన మీద ఫిర్యాదు వస్తుంది. సంచీ భుజాన తగిలించుకుని, మళ్లీ తీసి మేకుకు తగిలించాడు. నెలరోజులు ఆయన అలాగే కూర్చున్నాడు. చేతులు ఊరుకోక మా సెక్షన్లో కుర్చీలన్నిటికీ చక్రాలు బిగించాడు.

ఇక్కడ పాఠకులకు ఒక మాట దాచకుండా చెప్పాలి. నక్షత్రాలు తీసే పాస్‌వర్డ్ నా దగ్గర ఉంది. రెండు టిక్కులు తీసేస్తే చాలు, అర నిమిషం పని. నా కాంట్రాక్టు ఆ నెలలోనే పొడిగించాలి. రోజూ పొద్దున పన్నెండు సూదులకు దారం ఎక్కిస్తూ ఇవాళ తీసేద్దామనుకునేవాణ్ని. ఆఫీసుకు వెళ్లాక గళ్లచొక్కా కనబడగానే రేపు చూద్దామనుకునేవాణ్ని. ఏమైందిరా అల్లుడూ అని మామయ్య అడిగితే, నమోదైంది మామయ్యా, పైన చూస్తున్నారు అనేవాణ్ని. నామీద నాకే అసహ్యం వేసేది. అసహ్యానికి కూడా అలవాటు పడొచ్చని అప్పుడే తెలిసింది.

నెల తిరిగేసరికి శాఖలో నాలుగువేల మూడువందల పన్నెండు ఫిర్యాదులు నమోదయ్యాయి. నాలుగువేల మూడువందల పన్నెండూ ఆరోజుకారోజే పరిష్కారమయ్యాయి. బాగుచేసినవారి జాబితాలో అందరికంటే ఎక్కువ పని చేసింది దేవుడు. ఆయన సిబ్బంది జాబితాలో లేకపోవడం గళ్లచొక్కా గారి దృష్టికి వచ్చింది గాని, అంకెలు బాగున్నప్పుడు అలాంటివి పట్టించుకోకూడదన్నారు. ఒక కంప్యూటరు చెడితే బాగవడానికి సగటున సున్నా నిమిషాలు పడుతోందని మంత్రిగారు చట్టసభలో ప్రకటిస్తే, ప్రతిపక్షం వాళ్లు కూడా నోరు తెరిచారు, మూయడానికి కాస్త సమయం పట్టింది.

విజయోత్సవ సభ పెట్టాలన్నారు. పెద్దాసుపత్రి ముంగిట ఒక పాలరాతి ఫలకం నిలబెట్టి మంత్రిగారి చేత ఆవిష్కరింపజేయాలి. వేదిక మీదికి లబ్ధిదారుడైన ఒక పౌరుడు కావాలి. గళ్లచొక్కా గారు ఫిర్యాదు నంబరు ఒకటి తెరిచి చూశారు. ఇబ్బంది పడిన పౌరుడు దర్జీ, సమస్య కంటి మిషను, బాగైన తేదీ మొదటిరోజే. ఆయన ఆనందం పట్టలేక లేచి నిలబడ్డారు. చూపు పోయిన పేద దర్జీకి పథకం వల్ల చూపొచ్చింది, ఆ చూపుతో ఫలకం మీది అక్షరాలు తనే చదువుతాడు అన్నారు.

ఆయన నా మామయ్య అని, ఆ చూపు ఇంకా రాలేదని నేను చెప్పాను. ఈసారి నిజంగానే చెప్పాను.

ఆయన చాలా ఆప్యాయంగా, నీ కాంట్రాక్టు కాగితం నా బల్ల మీదే ఉందోయ్ అన్నారు.

ఆ సాయంత్రమే ఆయన మా ఇంటికి వచ్చి మిషను పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్నారు. ఫలకం మీద ఏముంటుందో మామయ్యకు వల్లె వేయించారు. వరసగా మూడు సాయంత్రాలు వచ్చారు. మామయ్యది మంచి జ్ఞాపకశక్తి, ఏ బడికి ఏ రంగు, ఏ వయసుకు ఎంత చేతి పొడవు అన్నీ నోటికే ఉంటాయి. రెండోరోజుకే అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేశాడు. మూడోరోజు మాత్రం, అంతా అయ్యాక ఒక ప్రశ్న అడిగాడు.

“చదువుతాను బాబూ. తర్వాత ఆ కంప్యూటరు బాగుచేయిస్తారు కదా?”

“సభ కానివ్వండి” అన్నారు గళ్లచొక్కా గారు.

సభరోజు మామయ్య తనే కుట్టుకున్న తెల్లచొక్కా వేసుకున్నాడు. గుండీలు, కాజాలు నేను లెక్కపెట్టి చూశాను, సరిగ్గానే ఉన్నాయి. వేదిక దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, ఫలకానికి ఎదురుగా నిలబెట్టి, నేను నా వైరు దగ్గరికి వచ్చేశాను. కంటి వార్డు సిస్టర్ ముందువరసలో కూర్చుని నావైపే చూస్తోంది. నేను ఆవిడవైపు చూడలేదు. ఫలకానికి ఎర్ర పట్టుతెర వేలాడుతోంది. కార్యక్రమం ప్రకారం మంత్రిగారు తాడు లాగాలి, తెర తొలగాలి, జనం చప్పట్లు కొట్టాలి, అప్పుడు మామయ్య చదవాలి.

మంత్రిగారు తాడు అందుకున్నారు. ఆయన తాడు అందుకున్నందుకే జనం చప్పట్లు కొట్టారు. లాగితే ముడి ఎక్కడో బిగుసుకుపోయింది, తెర కదల్లేదు. ఆ సంగతి మామయ్యకు తెలియదు. చప్పట్లు వినబడ్డాయి, తన వంతు వచ్చిందనుకున్నాడు. తల పైకెత్తి, ఎర్రటి పట్టుగుడ్డకేసి సూటిగా చూస్తూ, గొంతెత్తి మొదలుపెట్టాడు. చీకట్లను చీల్చే సాంకేతిక విప్లవం అన్నాడు. గౌరవ మంత్రివర్యుల అమృతహస్తాలతో అన్నాడు. తేదీ చెప్పాడు. కింద చిన్న అక్షరాల్లో ఉన్న కాంట్రాక్టరు పేరు కూడా వదిలిపెట్టకుండా చదివి, చేతులు జోడించాడు.

నేను చేతిలో ఉన్న వైరు గట్టిగా పట్టుకున్నాను. అంతా బయటపడిపోయిందనుకున్నాను. భయం వేసింది, ఆ భయం వెనకాలే ఒక రకమైన సంతోషం కూడా కలిగింది.

మంత్రిగారు తాడు వదిలేసి మైకు అందుకున్నారు.

“చూశారా! మన ప్రభుత్వం ఇచ్చిన చూపుకు తెర కూడా అడ్డం కాదు.”

ఆ చప్పట్లు ఎంతసేపు మోగాయో చెప్పలేను. కొందరు కళ్లు తుడుచుకున్నారు. మర్నాడు అన్ని పత్రికల్లోనూ మొదటి పేజీలో మామయ్య ఫొటో వేశారు. ఫొటోలో వెనకాల తెర మూసే ఉంది, దాన్ని చూసి ఎవరూ ఏమీ అనలేదు. నా కాంట్రాక్టు కూడా పొడిగించారు.

సభరోజు వేదిక దిగుతుండగానే మామయ్య గళ్లచొక్కా గారి చొక్కా తడిమి గుర్తుపట్టి, మరి నా కన్ను సంగతి అని అడిగాడు. ఆయన చాలా ఓపిగ్గా విడమరిచి చెప్పారు. ఒక కంప్యూటరు మీద పాత ఫిర్యాదు ఉండగా కొత్తది తీసుకోవడానికి లేదు. పాతది నిజంగానే పరిష్కారమైందని పౌరుడు ఒప్పుకోవాలి, దానికోసం నూట ఎనిమిదో ఫీల్డు నిన్ననే పెట్టాం. ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, జవాబిస్తే కొత్త ఫిర్యాదు తెరుచుకుంటుంది అన్నారు. ఆ ఫీల్డు తయారుచేసింది నేనే.

మర్నాడు పొద్దున నేను పదకొండో సూదికి దారం ఎక్కిస్తుండగా ఫోన్ మోగింది. ఏమొచ్చిందో చూడరా అన్నాడు మామయ్య. చదివి వినిపించాను.

‘గౌరవనీయ పౌరుడా, మీ కంటి మిషను సమస్య పరిష్కారమైనందుకు అభినందనలు. ఈ మెసేజ్‌ను మీరు స్వయంగా మీ కళ్లతో చదివి ఉంటే 1 నొక్కండి. మరే జవాబూ చెల్లదు.’

మామయ్య కుడుతున్న చొక్కా ఒళ్లోంచి తీసి పక్కన పెట్టాడు. చూపుడువేలికున్న దారప్పోగు దులుపుకుని చెయ్యి ముందుకు చాపాడు.

“ఒకటి ఎక్కడుందిరా?”

వేలు పట్టుకుని దానిమీద పెట్టాను.